తెల్ల ఇటుకకు తిరుగులేదు

“ఇకపై ఈ దేశపు ఉక్కు, మా జిల్లా ఇటుకల ఒడిలోనే కరుగుతుంది!” అని పరిశ్రమల మంత్రి వెండెలీన్ హ్రబోవ్స్కీగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. స్లొవాకియాలో ఓ కొండ ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో క్యాంటీన్ నాది. మంత్రిగారికి చీజు కలిపిన బంగాళాదుంప ఉండలు, హలుష్కీ, వడ్డించి అక్కడే నిలబడ్డాను.

ఫర్నేసు లోపలి గోడకి ఇటుక ఎంచాలి. బల్ల మీద రెండు పెట్టారు. ఒకటి గోధుమరంగు మాగ్నసైట్. రెండోది మంత్రిగారి నియోజకవర్గపు తెల్ల సిలికా.

“తెల్లదే బాగుంది. టీవీలో కూడా బాగా పడుతుంది” అన్నారు మంత్రిగారు.

ఫర్నేసు ఇంజనీరు డొరోటా మేడమ్ లేచింది. “అయ్యా, ఉక్కు మీద తేలే మడ్డి, మా స్లాగ్‌లో సున్నం ఎక్కువ. ఆ వేడిలో సున్నం సిలికాని తినేస్తుంది. మాగ్నసైట్ జోలికి రాదు.”

“ప్రభుత్వం ఉండగానే తినేస్తుందా?”

“తినేస్తుందండీ.”

మంత్రిగారు నవ్వి, సెక్రటరీ దగ్గర సిగరెట్ లైటర్ తీసుకుని తెల్ల ఇటుక కింద వెలిగించారు. కాసేపటికి ఆయన వేలు కాలింది గానీ ఇటుకకి చిన్న మచ్చ కూడా పడలేదు. సైన్సుని ఇంత దగ్గరగా చూడటం నాకదే మొదలు.

తెల్ల ఇటుకే పేర్చారు. ప్రారంభోత్సవం రోజు డొరోటా మేడమ్ మనుషులందర్నీ ఫర్నేసు దగ్గర్నుంచి తరిమేసింది. వేదిక మీదున్న మంత్రిగారితో “మీరూ దిగండయ్యా!” అని అరిచింది. మంత్రిగారు ఉపన్యాసం ఆపలేదు. “దృఢత్వం...” అంటుండగా ఆయన వెనక ఫర్నేసు గోడ ఎర్రబడి కన్నం పడింది. ఉక్కు బొళబొళా నేల మీదికి వచ్చేసింది. మంత్రిగారు వేదిక దిగి గేటు దాకా పరిగెత్తిన వేగం, ఎన్నికల్లో కూడా ఎవరూ చూసి ఉండరు. దేవుడి దయవల్ల అందరం బతికాం.

మర్నాడే విచారణ.

“ఉక్కు ఎంత వేడిగా ఉంది?” అన్నారు మంత్రిగారు.

“పదహారువందల డిగ్రీలండీ.”

“ఎవర్నడిగి?”

ఇటుకని అంతలా హింసించడానికి వీల్లేదని, వెయ్యి డిగ్రీలు దాటొద్దని మంత్రిగారు ఉత్తర్వు ఇచ్చారు.

“అంతకి ఉక్కు కరగదండీ!”

“అది ఉక్కు తప్పమ్మా. ఇటుకని ఎందుకంటావ్?”

మళ్ళీ తెల్ల ఇటుకే పేర్చారు. కరగని ఉక్కుతో పనేముంది? పనివాళ్ళు ఒక్కొక్కరే సరిహద్దు దాటి చెక్ దేశానికి బస్సెక్కారు. నా క్యాంటీన్‌లో పొయ్యి కూడా ఒంటిపూటే వెలుగుతోంది.

మొన్న పోలండు నుంచి నిపుణులు వచ్చారు. మంత్రిగారు వాళ్ళని ఫర్నేసులోకే తీసుకెళ్ళి గోడ నిమిరి చూపించారు. “ఏళ్ళు గడిచినా బీట లేదు!”

వాళ్ళు నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఎంత వేడిలో నడుస్తోంది?” అని పెద్దాయన అడిగాడు.

మంత్రిగారు డొరోటా మేడమ్ వైపు తిరిగారు.

“పద్దెనిమిది డిగ్రీలండీ” అంది మేడమ్, కోటు గుండీలు పెట్టుకుంటూ. “చలికాలంలో ఇంకాస్త తక్కువ.”

“రాసుకోండి” అన్నారు మంత్రిగారు.