ఒక్క స్వరమూ పోకుండా

తూనికలు కొలతల కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్న ఒక పెద్దమనిషి, తన ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరూ చప్పుడు చేయరాదని ఒక ఆదివారం ఉత్తర్వు జారీ చేశారు. కారణం సబబైనదే. ఆయన ఫోనులోకి లాస్‌లెస్ పాటలు వచ్చాయి.

అంతకుముందు ఆయనా మనలాగే అజ్ఞానంలో బతికారు. పాట వినబడితే చాలనుకునేవారు. పక్క సీటు గుమాస్తా, ఎప్పుడూ పాటల ఫైళ్ల నాణ్యత లెక్కలే చెబుతాడని ఆఫీసంతా 'బిట్‌రేటు' అని పిలిచే మనిషి, ఆయన కళ్లు తెరిపించాడు.

"సార్, మీరు వింటున్నది పాట కాదు, పాట పిప్పి. ఫైలు చిన్నది చేయడానికి రసమంతా పిండేశారు. లాస్‌లెస్ అయితే పాడింది పాడినట్టు, ఒక్క స్వరం పోకుండా వస్తుంది."

ఇరవై ఆరేళ్లుగా అంగళ్ల తక్కెళ్లలో గ్రాము తేడా పట్టుకున్న మనిషికి, తన చెవులకే తక్కువ తూచి పోస్తున్నారని తెలిస్తే రక్తం ఉడకదా?

ఆ పూటే చర్యలు మొదలయ్యాయి. లాస్‌లెస్ ఫైళ్లు బాగా ఒళ్లున్నవి. వాటికి చోటివ్వడానికి కూతురి చిన్నప్పటి ఫొటోలన్నీ తీసేస్తే పదకొండు పాటలు పట్టాయి. గిట్టుబాటు బేరమే అనుకున్నారు. ఫోనుకు ధ్వనిని శుద్ధి చేసే అగ్గిపెట్టెంత డబ్బా, డబ్బాకు వైరు, వైరుకు చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు తగిలించారు. వయొలిన్‌కు అడ్డమొస్తోందని ఫ్యాను ఆపించారు. కుక్కరు కూతను నిషేధించారు. అత్తగారి దగ్గును వెనక గదికి బదిలీ చేశారు.

ఫలితం అద్భుతం. పల్లవికీ చరణానికీ మధ్య గాయని ఊపిరి తీసుకోవడం ఆయనకు వినబడింది. ఎవరో తన చెవి దగ్గరికొచ్చి మనసులో మాట చెప్పబోతున్నట్టే ఉంది. కళ్లు మూసుకుని మెల్లగా తలూపసాగారు.

ఈ తలూపును మొదట కనిపెట్టింది అత్తగారు. ఎనభై దాటినా చూపు చురుకే.

"అల్లుడుగారూ, మీ గది నేను తీసుకోనా? అక్కడ గాలి బాగా వస్తుంది," అని ఎదురుగా నిలబడి అడిగింది. ఆయన తలూపారు. మర్నాటికి ఆయన మంచం వెనక గదిలో ఉంది. తర్వాత భార్య వచ్చి, పన్నెండేళ్లుగా ఆయన వద్దంటున్న కుట్టుమిషన్ల శిక్షణ ముందు గదిలోనే పెట్టుకుంటానంది. ఆయన రెండుసార్లు తలూపారు.

చివరికి కూతురు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. స్టూలు లాక్కుని కూర్చుని, వేళ్లు నలుపుకుంటూ చెప్పింది.

"నాన్నా, మా మందుల కౌంటర్లో అబ్బాయిని చేసుకుందామనుకుంటున్నా. గురువారం రిజిస్ట్రారాఫీసులో. నీకిష్టమేనా?"

సరిగ్గా అప్పుడే వేణువు పైస్థాయి అందుకుంది. ఆయన తలూపారు. కంట నీరు కూడా తిరిగింది. అది చూసి కూతురూ ఏడ్చింది. భార్య ముందుచూపుతో అంతా తన ఫోనులో తీసిపెట్టింది.

గురువారం పొద్దున ఇస్త్రీ చొక్కా చేతికిచ్చినప్పుడు ఆయనకు సంగతి తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాం. మీరు తలూపారు," అంటూ భార్య వీడియో చూపించింది.

ఆయన దాన్ని రెండుసార్లు శ్రద్ధగా పరిశీలించారు. "ఇది సాక్ష్యంగా చెల్లదు. ధ్వని నాణ్యత మరీ తక్కువ," అని తేల్చారు.

అయినా వెళ్లారు. సాక్షి సంతకం తండ్రే పెట్టాలని కూతురి పట్టు. రిజిస్ట్రారు బల్ల ముందు ఆయన గొంతు సవరించుకున్నారు.

"తండ్రంటే ఇంటికి తక్కెడ ముల్లులాంటివాడు. ముల్లును సంప్రదించకుండా జరిగే ఏ తూకమైనా..."

పదిహేను నిమిషాలు నడిచింది. వెనక మూడు జంటలు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాయి.

"నాన్నా, నేను చెప్పేది కూడా ఒక్క నిమిషం వింటావా?" అంది కూతురు.

ఆయన ఆగారు. ఆమె గొంతులో సన్నని జీర ఉంది. అది ఎప్పటినుంచి ఉందో ఆయనకు తెలియదు. 'చెప్పమ్మా' అనబోయారు.

ఈలోగా కాబోయే అల్లుడు కంగారుపడి, "మామయ్యగారూ, మీకోసమే తెచ్చాను," అంటూ ఒక పెట్టె తెరిచాడు. కొత్త రకం హెడ్‌ఫోన్లు. బయటి శబ్దాన్ని కత్తిరించినట్టు ఆపేస్తాయట. ఎలా ఉన్నాయో చూద్దామని ఆయన పెట్టుకున్నారు. కూతురి పెదవులు చాలాసేపు కదిలాయి. ఆయన తలూపారు. చూపించినచోట సంతకం పెట్టారు.

రిజిస్ట్రారు పెన్ను మూత బిగిస్తూ మెచ్చుకున్నాడు. "ఇరవయ్యేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండానే వినని తండ్రులను వందలమందిని చూశాను. ఈయన ఎంతో నయం."

వెనకున్న మూడు జంటలూ ఆ మాట విన్నాయి. శనివారానికల్లా దుకాణంలో ఆ రకం సరుకు అయిపోయింది. కొన్నవాళ్లు కూతుళ్లు, భార్యలు, ఒకరిద్దరు కోడళ్లు. పాట ఎలా వినబడుతుందని ఒక్కరూ అడగలేదు.

ఈమధ్య మీ ఇంట్లోవాళ్లు కూడా ముచ్చటపడి మీకొకటి బహూకరించి ఉంటే, అభినందనలు.