సర్వర్‌కి అచ్చొచ్చిన అంకె

డెల్టా ప్రజలకు శుభవార్త. మన పడవల నమోదు కార్యాలయంలోని సర్వర్‌కు రిమోట్ యాక్సెస్ కల్పించారు. ఇకపై జాలర్లు బస్సులెక్కి రానక్కర్లేదు. ఊరి సచివాలయంలోనే కూర్చుని రికార్డులో తప్పులు దిద్దించుకోవచ్చు. పారదర్శకత కోసం, కార్యాలయంలో దిద్దడాన్ని ఆ రోజు నుంచే నిషేధించారు.

ప్రారంభోత్సవం నాడు సర్వర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, అన్నవరం నుంచి ప్రసాదం తెప్పించారు. కంప్యూటర్లు చూసే ఫిన్నీ, కొబ్బరినీళ్లు లోపలికి పోకుండా అడ్డం నిలబడ్డాడు. అధికారి వెంకటరాజు గారు సర్వర్‌లోకి వెళ్లే ద్వారం నంబరెంతని అడిగారు. 3306 అన్నాడు ఫిన్నీ. వారు వేళ్ల మీద కూడారు. మూడు వచ్చింది. వారికి అచ్చొచ్చిన అంకె ఆరు. కారు నంబరు, ఫోన్ నంబరు, ఆఖరికి పెళ్లి తేదీ కూడా ఆరుకే వస్తాయి.

"ఆ చివరి ఆరుని తొమ్మిది చేసెయ్యవయ్యా. గవర్నమెంటు పనికి ఆ మాత్రం శుభం ఉండాలి."

3309 అయింది. కూడితే ఆరు. చప్పట్లు కొట్టారు.

చిన్న విషయం ఒకటి మిగిలిపోయింది. బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్ రాజధాని వాళ్ల చేతిలో ఉంది. నెల క్రితం ఇక్కడి నుంచి వెళ్లిన ఉత్తరం ప్రకారం వాళ్లు 3306 తెరిచారు. తెరిచిన ద్వారం వెనక సర్వర్ లేదు. సర్వర్ ఉన్న ద్వారం తెరవలేదు. ఊళ్లలో ఏ కంప్యూటరు తట్టినా జవాబు లేదు.

లోపం కనిపెట్టడానికి కమిటీ వేశారు. కమిటీ సర్వర్‌ను తూర్పుముఖంగా తిప్పింది, నిమ్మకాయ కట్టింది, ఆపి మళ్లీ ఆన్ చేసింది. పాత నంబరు పెడితే రెండు నిమిషాల పనని ఫిన్నీ మొదటి రోజే చెప్పాడు. చర్చికి వెళ్లే కుర్రాడికి ఇవన్నీ ఏం తెలుస్తాయని కమిటీ పెద్దమనసుతో క్షమించింది.

ఇంతలో మరిడమ్మ వచ్చింది. ఆమె పడవ రికార్డులో ఇంజను నంబరు తప్పు పడింది. తొమ్మిది ఉండాల్సిన చోట ఆరు. అది దిద్దితే గాని లైసెన్సు రాదు. వేట నిషేధం ఎల్లుండితో ముగుస్తుంది. లైసెన్సు లేని పడవను సముద్రంలోకి వదలరు. ఊరి సచివాలయంలో నాలుగు రోజులు పడిగాపులు కాసి, మూడు బస్సులు మారి ఇక్కడికొచ్చింది.

"నేనిక్కడే ఉన్నానండి. ఆ పెట్టె కూడా ఇక్కడే ఉంది. ఒక్క అంకె మార్చడానికి మళ్లీ ఊరెళ్లమంటారేంటండి?"

దగ్గర నుంచి దిద్దడం నిషిద్ధమని వెంకటరాజు గారు ఓపికగా వివరించారు. ఆపైన ధైర్యం చెప్పారు.

"అయినా ఆరు పడిందంటే నీ అదృష్టమమ్మా. ఎందుకు మార్చుకోవడం?"

వేట మొదలైన రోజు ఊళ్లో పడవలన్నీ వెళ్లాయి. మరిడమ్మ పడవ ఒడ్డునే ఉంది. 3309 తెరవమని రాజధానికి రాయాల్సిన ఉత్తరం మంచి రోజు కోసం ఆగింది.

వెంకటరాజు గారు ఆమెతో 'నీ అదృష్టమమ్మా' అన్నప్పుడు, నా పని మీద వచ్చి నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఒళ్లు మండిపోయింది. ఒక్క మాటైనా అనకుండా బయటికొచ్చి స్కూటరెక్కాను. దాని నంబరు కూడితే తొమ్మిది. ఏరికోరి తీసుకున్నదే.

మీదెంతండి?