కరగని దిష్టి

నరసన్నపేటలో ఆ పొద్దున శ్రావణి లెక్క చాలా సులువు. స్నానం చేయాలి, ఎనిమిదింటి బస్సెక్కాలి, పదకొండింటికి యూనివర్సిటీలో పరీక్షకుడి ముందు తన స్ఫటికాలను వెలిగించి చూపాలి. ఒంట్లో జబ్బున్న చోటును వెలుగుతో పట్టిచ్చేందుకని రెండేళ్లు తంటాలుపడి తయారుచేసిన స్ఫటికాలవి. చూడ్డానికి తెల్లటి పలుకులు, ఊదారంగు టార్చి వేస్తే నీలంగా వెలుగుతాయి. ఉన్నది గుప్పెడే. ఆయన పెదవి విరిస్తే రెండేళ్లూ గంగలో కలిసినట్టే. వెలుతురు తగలకూడదని సీసాను వంటింటి అలమరాలో పెట్టి స్నానానికి వెళ్లింది మహాతల్లి.

కూతురు అంత పెద్ద పని మీద వెళుతుంటే దిష్టి తీయకుండా పంపుతుందా సుభద్రమ్మ? తీరా చూస్తే కల్లుప్పు డబ్బా ఖాళీ. పక్కనే సీసా కనిపించింది. నౌపడ ఉప్పుమడుల పక్కన పుట్టిన మనిషికి ఉప్పంటే ఏమిటో ఒకరు చెప్పాలా? శ్రావణి రాగానే గుప్పిట మూసి మూడుసార్లు తిప్పి, వంటింట్లో గ్లాసెడు నీళ్లలో వేసింది. ఉప్పు కరిగితే దిష్టి కరిగినట్టు.

పావుగంటైనా ఒక్క పలుకు కరగలేదు.

సుభద్రమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వేడినీళ్లు పోసి చూసింది. ఊహూ. పక్కింటి అసిరమ్మను కేకేస్తే, ఆవిడ గ్లాసులోకి తొంగిచూసి, తన అరవై ఏళ్లలో ఇంత మొండి దిష్టి ఎరగనంది. ఎవరి కళ్లు పడ్డాయా అని ఇద్దరూ వీధంతా వెతికి, నిన్న పిల్లను మెచ్చుకున్న పాపానికి ఎదురింటి లక్ష్మణమ్మను తేల్చారు. అది విని లక్ష్మణమ్మ గుమ్మంలోకొచ్చి దులిపేసింది. ఈ గొడవలోనే సుభద్రమ్మ, నలిపితేనైనా కరుగుతాయని, సగం పలుకుల్ని గిన్నెలో వేసి పప్పుగుత్తితో మెదిపేసింది.

చీర కట్టుకుని వచ్చి శ్రావణి అలమరా తీసింది. సీసా ఖాళీ.

"అమ్మా, ఇందులోవి ఏటి సేసినావు?"

"నీకు దిష్టి తీసినానే. ఏడినీళ్లు పోసినా ఉప్పు కరగనేదు. ఈయేల నువ్వు ఎల్లొద్దు, నా మాట ఇను."

శ్రావణికి ఏడవడానికి కూడా టైము లేదు. నీళ్లలోవి నీళ్లతో సహా ఒక డబ్బాలోకి, నలిగినవి ఇంకో డబ్బాలోకి ఎత్తుకుని బస్సెక్కింది. పరీక్షకుడికి ఏం సాకు చెప్పాలా అని దారి పొడుగునా వెతుక్కుంది.

పరీక్షకుడు కూర్చుంటూనే, ఒంట్లో వాడేవి నీళ్లను తట్టుకుంటాయో లేదో చూశారా అని అడిగాడు. శ్రావణి మొదటి డబ్బా మీద టార్చి వేసింది. నీళ్లలో నీలం నిక్షేపంలా వెలిగింది. వేడినీళ్లలోనో అన్నాడాయన. పొద్దున పోసినవి వేడినీళ్లే సార్ అంది. మరి వెలుగు రంగు మార్చగలరా అన్నాడు. గతిలేక రెండో డబ్బా తెరిచింది. నలిగినవన్నీ పసుపుపచ్చగా వెలిగాయి. అలా వెలుగుతాయని ఆమెకూ అప్పుడే తెలిసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "భలే. దేనితో నూరారమ్మా?"

"ఇంట్లో... చిన్న పరికరం ఉంది సార్."

పని గట్టెక్కిందనీ, పొద్దున తిప్పింది ఉప్పు కాదనీ ఫోనులో వినగానే సుభద్రమ్మ మళ్లీ దిష్టి తీయాలంది. తల వంచుకుని లక్ష్మణమ్మ ఇంటికే వెళ్లి కల్లుప్పు అడిగింది. ఎందుకైనా మంచిదని, ముందో పలుకు నోట్లో వేసుకుని చూసింది.