రెండో మంచం మీది మార్కోస్

ఆ సోమవారం పొద్దున ఫెర్మీన్ పెట్టుకున్న పనులు మూడే: హాస్టల్ రిజిస్టరులో సంతకం పెట్టడం, గది తాళంచెవి తీసుకోవడం, పది గంటలకల్లా క్లాసులో కూర్చోవడం. స్పెయిన్‌లోని పాంప్లోనా నుంచి మా హంగేరీకి, సెగెద్ ఊరికి, చదువుకోడానికి వచ్చిన మొదటి రోజది. మూడు నెలలు కష్టపడి మా భాష నేర్చుకున్నాడు. భాష అంతంతమాత్రంగా వచ్చినా, వచ్చేసిందన్న ధీమా మాత్రం బాగా వచ్చింది.

అతని పూర్తి పేరు ఫెర్మీన్ పాస్కువాల్ మార్కోస్. మొదటిది సొంతపేరు, రెండోది నాన్న ఇంటిపేరు, మూడోది అమ్మ ఇంటిపేరు. మాకేమో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఇంత తేలికైన సంగతి మిగతా ఐరోపా తలకెందుకు ఎక్కదో మాకు ఇప్పటికీ అర్థం కాదు. హాస్టల్ ఆఫీసు ఆ మూడు పేర్లనూ ముందునుంచీ వెనకనుంచీ చదివి, ఒక్క మనిషికి ఇన్నెందుకని ఇద్దరికి సర్దేసింది. నాలుగో అంతస్తు గది తలుపు మీద రెండు చీటీలు వెలిశాయి. ఒకటి "పాస్కువాల్ ఫెర్మీన్", ఇంకొకటి "మార్కోస్ పాస్కువాల్".

వార్డెన్ పిరోష్కాను హాస్టలంతా పిన్ని అనే పిలుస్తుంది. ఆవిడ రెండు తాళంచెవులు బల్ల మీద పెట్టింది.

"మార్కోస్ ఏడీ? నీతో రాలేదా?"

"మార్కోస్ నేనే" అనబోయాడు ఫెర్మీన్. నోటి నుంచి ఊడిపడింది మాత్రం "మార్కోస్ నావాడు" అని.

"నీవాడా! మంచిదేలే. రేపొస్తాడా?"

"అవును" అన్నాడు ఫెర్మీన్. అర్థం కానప్పుడల్లా అవుననడం అతని అలవాటు.

గదిలోకి వెళ్ళి రెండు మంచాలు చూశాక సంగతి బోధపడింది. వెంటనే కిందికి దిగి చెప్పాల్సిందే. కానీ ముగ్గురు అన్నదమ్ములతో ఒకే గదిలో పెరిగినవాడికి రెండు మంచాలూ, రెండు బీరువాలూ, మనిషి ఒక్కడే! ఒక మంచం మీద తాను పడుకుని, రెండో దాని మీద చొక్కాలను పడుకోబెట్టాడు. భాష కాస్త బాగుపడ్డాక వివరంగా చెబుదామని మనస్సాక్షికి నచ్చజెప్పాడు.

మర్నాడు వంటగదిలో వంతుల పట్టిక కనిపించింది. శుభ్రం చేయాల్సింది మంగళవారం ఫెర్మీన్, గురువారం మార్కోస్. తన వంతు వచ్చిన రోజు తడిగుడ్డ అలా తిప్పి వదిలేసేవాడు. మార్కోస్ వంతు రోజు మాత్రం ఎక్కడ పట్టుబడతానోనని, ఎవరూ లేవకముందే లేచి పొయ్యి తళతళలాడేలా తోమేవాడు.

తరువాత ఊపిరితిత్తుల ఎక్స్‌రే వచ్చి పడింది. ఆ కాగితం ఇవ్వనివాడికి హాస్టల్లో మంచం ఉండదు. ఇద్దరి పేరునా రెండు ఉత్తరాలొచ్చాయి. ముందు మార్కోస్ ఉత్తరం పట్టుకెళ్ళాడు. పాస్‌పోర్టులో మార్కోస్ అనీ ఉంది, పాస్కువాల్ అనీ ఉంది. నర్సుకు అంతకంటే ఏం కావాలి? మర్నాడు తన ఉత్తరంతో వెళితే మళ్ళీ ఆవిడే ఉంది.

"నిన్ననే కదయ్యా తీయించుకున్నావు?"

"అది... మార్కోస్‌కి."

"రాత్రికి రాత్రి ఊపిరితిత్తులేం మారవు నాయనా. పద, పద."

ఈలోగా పిన్నికి బెంగ పట్టుకుంది. "ఆ పిల్లాడు ఒక్కసారీ కంటబడడేంటి?" అని అడిగితే, ఏం చెప్పాలో తోచక జ్వరమన్నాడు. సాయంత్రానికల్లా ఎర్రగా పొగలు కక్కే చేపల పులుసు గిన్నెతో తలుపు కొట్టింది. నిద్రపోతున్నాడని చెప్పి గుమ్మంలోనే గిన్నె అందుకున్నాడు. ఆ కారానికి కళ్ళు తుడుచుకుంటూ చివరి చుక్కదాకా తాగి, గిన్నె అద్దంలా కడిగి తిరిగిచ్చాడు.

"బంగారు తండ్రి! జ్వరంలో కూడా గిన్నె కడిగాడు" అని మురిసిపోయింది పిన్ని. "నువ్వూ ఉన్నావు. స్నానం చేస్తూ అరుపులు, మాడిన మూకుళ్ళు, తలుపులు దబీదబీమని వేయడం. అతన్ని చూసి నేర్చుకోరాదూ?"

ఆ మాట నెలలో నాలుగుసార్లు విన్నాక ఫెర్మీన్‌కు మార్కోస్ అంటే ఒళ్ళు మండసాగింది. అద్దంలో చూసుకుని, "వాడిలో ఏముందని?" అనుకున్నాడొకసారి.

నవంబరులో నోటీసు వచ్చింది. ఎక్స్‌రే కాగితం ఇవ్వనందున ఫెర్మీన్ మధ్యాహ్నం పన్నెండులోగా మంచం ఖాళీ చేయాలి. ఊళ్ళో మరో గది దొరికే రోజులు కావవి. పరుగున కిందికి దిగాడు.

"పిన్నీ, మార్కోస్ అనేవాడే లేడు. ఆ మార్కోస్‌ని నేనే!"

"సిగ్గులేదూ? ఆ అమాయకుడి మంచం కాజేద్దామనా?"

పాస్‌పోర్టు ముందు పెట్టాడు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని మూడు పేర్లూ వేలితో కూడబలుక్కుంది. తరువాత కుర్చీలో కూలబడింది.

"పొయ్యి తోమింది?"

"నేనే."

"నా పులుసు?"

"నేనే తాగాను."

"వాడికి చలి కోటుందో లేదోనని ఒకటి తీసిపెట్టాను" అంది పిన్ని, ఎవరో పోయినట్టు. ఈ ఊళ్ళో తన గురించి బెంగపడిన ఒకే ఒక్క మనిషి ఇన్నాళ్ళూ మార్కోస్ కోసమే బెంగపడిందని అప్పుడు తట్టింది ఫెర్మీన్‌కు. తిడితే బావుణ్ణనిపించింది.

పిన్ని రిజిస్టరు తెరిచింది. "ఫెర్మీన్‌కి ఎక్స్‌రే లేదు. రూలు రూలే, వాడు పోవాలి."

"పిన్నీ!"

"మార్కోస్‌కి కాగితాలన్నీ ఉన్నాయి. మార్కోస్ ఉంటాడు." ఫెర్మీన్ పేరు మీద అడ్డగీత కొట్టి, బీరువాలోంచి కోటు తీసి అతని చేతిలో పెట్టింది. "పొద్దున్నే చలేస్తుంది. వేసుకో, మార్కోస్."

మూడు రోజులకు ఖాళీ మంచం మీదికి ఎస్తోనియా కుర్రాడొకడు వచ్చాడు. పెట్టె సర్దుకుంటూ, "నాకు ముందు ఇక్కడెవరుండేవారు?" అని అడిగాడు.

"ఫెర్మీన్ అని ఒకడులే" అన్నాడు మార్కోస్, మూకుడు తోముతూ. "పోవడమే మంచిదైంది."