అంజినప్ప జేబులో ఐదు బిళ్ళలు

ఆ ఉదయం అంజినప్ప మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం కోలారు నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఆయన ముందు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లోని వయోజన తరగతి కుదురుగా కూర్చుని, ఒక్కడైనా ఒక్క మాట చదవాలి. చదవకపోతే తరగతి మూత, మాస్టారి ఉద్యోగం గోవిందా.

చదవడం తరువాతి సంగతి, కూర్చోబెట్టడమే కష్టం. విద్యార్థులు ఐదుగురూ గని కార్మికులు, నడివయసు దాటినవాళ్ళు. భూమి అడుగున బండలు పగలగొట్టే ధీరులు పలక చూడగానే ఎద్దు తప్పిపోయిందంటారు, అత్తకు జ్వరమంటారు. అందరిలో పెద్దవాడు ఆవులప్ప అయితే ఒకే అత్తను ఇప్పటికి రెండుసార్లు కాటికి పంపాడు.

అందుకని వాళ్ళు జారుకోకుండా మాస్టారు వాళ్ళ బిళ్ళలు తన దగ్గర పెట్టుకుందామనుకున్నాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఇస్తారు. పైకి వచ్చాక దాన్ని ఆఫీసు కిటికీలో తిరిగి ఇచ్చేయాలి. బిళ్ళ రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. షిఫ్టు ముగిసి పైకి వచ్చిన ఐదుగురినీ మాస్టారు దారిలోనే ఆపాడు.

"బిళ్ళలు నాకియ్యండప్పా. పరీక్ష అయినాక ఇస్తా."

"కిటికీలో ఇయ్యాల గదా సార్," అన్నాడు ఆవులప్ప.

"సాయంత్రం ఇస్తే కొంప మునుగుతాదా?"

"మునగదులే. శ్రీనివాసప్ప మనోడే, ఎప్పుడిచ్చినా తీసుకొంటాడు."

శ్రీనివాసప్ప నిజంగానే మంచి గుమాస్తా. కాకపోతే ఆరోజు ఆయన శ్రీనివాసపురంలో మామిడికాయలు బేరమాడుతున్నాడు. కిటికీలో కూర్చున్నవాడు చిన్నవెంకటప్ప. కొత్తవాడు, నిబంధనలన్నీ కంఠతా పట్టినవాడు. షిఫ్టు ముగిసి చాలాసేపైనా బిళ్ళలు తగిలించే మేకుల్లో ఐదు ఖాళీగా కనిపించేసరికి అతనికి చెమటలు పట్టాయి. లోపల ఐదుగురు చిక్కుకున్నారని తేల్చేసి సైరన్ మోగించాడు. ఇళ్ళకు కబురు పంపాడు. చుట్టుపక్కల కార్మికుల ఇళ్ళ లైన్లలో ఉండేది తెలుగువాళ్ళే కాబట్టి నల్లబల్ల మీద ఐదు పేర్లూ తెలుగులో రాసి బయట నిలబెట్టాడు.

సైరన్ మోగాక గని మనిషిని ఏ పలకా ఆపలేదు. "ఎవురో ఇరుక్కున్నారు, పదండ్రా," అంటూ తరగతిలో కూర్చున్న ఆవులప్ప లేచాడు. ఐదుగురూ పరుగెత్తారు. వాళ్ళ వెంటపడిన మాస్టారికి గుమ్మంలోనే పరీక్షాధికారి ఎదురయ్యాడు.

"మీ విద్యార్థులు ఎక్కడండీ?"

"ప్రజాసేవకు పోయినారు సార్," అన్నాడు మాస్టారు, పోతున్న ఉద్యోగాన్ని తలుచుకుంటూ. ఇద్దరూ అధికారి జీపెక్కి వాళ్ళ వెనకే బయల్దేరారు.

గనిలోకి దిగే షాఫ్టు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఆవులప్ప కిటికీ దాకా తోసుకుపోయాడు.

"నేను దిగుతానప్పా. లోపలంతా నాకు తెలుసు."

"దిగేవాళ్ళు వేరే ఉండారు. ఏడ్చేవాళ్ళకు అడ్డం నిలబడొద్దు," అన్నాడు చిన్నవెంకటప్ప.

పక్కకు జరిగితే అక్కడ ఆవులప్ప పెళ్ళాం మునివెంకటమ్మ కొంగులో మొహం దాచుకుని కుమిలిపోతోంది. పరాయివాళ్ళ కోసం ఇంతగా ఏడ్చే మనిషని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. మనసు కరిగిపోయింది.

"ఏడవొద్దు మే. ఎవురి మొగుడో, క్షేమంగా వస్తాడులే."

"ఎవురి మొగుడో అయితే నేనేల ఏడుస్తా," అంది ఆమె తల ఎత్తకుండానే. "నా మొగుడేనంట. బల్ల మీద రాసినారంట, పోయి చూడు."

ఆవులప్ప వెళ్ళి బల్ల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "ఆ... వు... ల... ప్ప." చదివేశానన్న సంతోషం ముందు వచ్చింది. చదివిందేమిటో తరువాత తెలిసి, తనతో పరుగెత్తి వచ్చిన ఓబలప్పను బల్ల దగ్గరికి లాగాడు.

"ఓబలప్పా, ఈడ నా పేరుండాది. కింద నీది మాదిరి ఉండాది, చూడప్పా."

ఓబలప్ప తన పేరు తాను చదువుకుని గుండె పట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ అదే వరసలో చదివి అదే వరసలో బెంబేలెత్తారు. జీపు దిగిన పరీక్షాధికారి ఇదంతా కళ్ళారా చూశాడు. బల్ల చూడగానే విషయం అర్థమైన మాస్టారు జేబులోంచి బిళ్ళలు తీసి, తల దించుకుని కిటికీలో పెట్టాడు. మునివెంకటమ్మ అప్పుడు తల ఎత్తింది. మొగుణ్ణి చూసింది, బతికాను దేవుడా అనుకుంది, వీపు మీద ఒక్కటిచ్చింది.

గని అధికారి మాస్టారిని పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టాడు. పరీక్షాధికారి మాత్రం భుజం తట్టాడు.

"ఐదుగురూ చదివారు. ఇంత శ్రద్ధగా చదివిన తరగతిని నేనింతవరకూ చూడలేదు. తరగతి నడపండి."

మరునాడు తరగతిలో ముందు వరస ఆడవాళ్ళతో నిండిపోయింది. మధ్యలో మునివెంకటమ్మ.

"మొగుడు ఉండాడో పోయినాడో ఇంగొకరు చెప్తే వినే కర్మ మాకేల సార్? మేమే చదువుకొంటాం."

మాస్టారు మురిసిపోయి, మొదటి పాఠంగా ఆమె పలక మీద ఆవులప్ప పేరు రాసిచ్చాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచేసి, ముందు తన పేరు రాయమంది.