పిడికిళ్ల డబ్బా

గలగలమని ఒక చప్పుడు. మరమగ్గాల సాంచాలు మోగే రోజుల్లో అది ఎవరికీ వినపడదు. కరెంటు సెలవైన శుక్రవారం పద్మనగర్ అంతా మూగబోతుంది కనుక, ఆ ఉదయం గోడ అవతలి ఓదెమ్మకు కూడా వినిపించింది. రాజలింగం గూట్లోని పాలపొడి డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు. లోపల బియ్యం.

ఆ బియ్యం అతని భార్యవి. పూటపూటా వంటకు ముందు ఒక పిడికెడు తీసి, “ఇది నీ వంతు ప్రభువా” అంటూ అందులో వేసేది. నిండాక ప్రార్థన మందిరంలో ఇచ్చి వచ్చేది. 1998లో డబ్బా సగమయ్యేసరికి కామెర్లు వచ్చాయి. ఆమె పోయి నేటికి ఏడాది. ఆ సగం డబ్బాను రాజలింగం ఇవ్వనూ లేదు, వండనూ లేదు. వేపాకులు మారుస్తూ దాచుకున్నాడు. దేవునికి స్తోత్రమన్న మాట ఏడాదిగా అతని నోట రాలేదు.

ఆ రెండూ ఇవాళ తీర్చాలనుకున్నాడు. పదిమందిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టాలి. డబ్బా పాస్టరు చేతికివ్వాలి. ఆమెను ఇన్నేళ్లు తనకిచ్చినందుకు, ఆమె పేరు చెప్పి, దేవునికి వందనాలనాలి. చిక్కంతా ఆ పేరు దగ్గరే. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెను ‘ఇగో’ అనే పిలిచాడు. పెళ్లాం పేరు పలకడం వాళ్ల ఇంటా వంటా లేదు. “దేవుని ముంగటనన్న నా పేరు చెప్పవా?” అని ఆమె నవ్వేది. అతను చెవులెర్రబడి, “మా ఇంటిదాన్ని దీవించు” అని ప్రార్థన ముగించేవాడు.

ఆ సిగ్గే కొంప ముంచింది. కూడిక మాట చెప్పిన ఆదివారం నాడు దేవయ్య పాస్టరు, “ఏం మేలు జరిగింది తమ్మీ?” అని అడిగితే, “ఆన్నే చెప్త అయ్యగారు” అని తల దించుకున్నాడు. కృతజ్ఞత కూడిక అంటే ఎవరికైనా పెళ్లి కుదరాలి, బిడ్డ పుట్టాలి, లేదంటే సొంత సాంచా కొనాలి. చావుకు పెట్టేది జ్ఞాపకార్థ కూడిక. ఆ తేడా పద్మనగర్‌లో హిందువులకు సైతం తెలుసు.

“మొగోడు తల వంచిండంటె అది పెండ్లే” అని ఓదెమ్మ నల్లా దగ్గర తేల్చేసింది. మాట సాయంత్రానికి పక్కపేట కామత్‌ఘర్ చేరింది. అక్కడ రాజలింగం సాంచాలు నడిపే కార్ఖానా సేఠ్ కనుకయ్య, “పెండ్లి గాదు, సొంత సాంచాలు కొన్నడు. నా కార్ఖానా ఇడుస్తడు” అని నిద్ర మానుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి పదిమంది పట్టే ఒంటిగది ఖోలీకి యాభైమంది వచ్చారు. మెట్ల నిండా చెప్పులు. ఎవరో స్టీలు బిందె తెచ్చారు. కనుకయ్య పూలదండతో వచ్చి, “ఎన్ని కొన్నవ్‌రా? నీకేం తక్వ జేసిన?” అని నిలదీశాడు.

“నేనేం కొనలే సేఠ్.”

“చూసిండ్రా, పెండ్లే!” అంది ఓదెమ్మ, గరిటె చేత పట్టుకుని వంటింటి మూల నుంచి.

“కాదక్కా…”

“అబ్బో, సిగ్గు జూడుండ్రి!”

పాస్టరు ఎత్తుకున్న పాట ముగిసింది. విస్తళ్లు పరిచారు. మెట్ల మీదివాళ్లు అప్పుడే తినడం మొదలుపెట్టారు. రాజలింగం గూట్లోకి చెయ్యి చాచి డబ్బా తీశాడు. ఊపాడు. చప్పుడు లేదు. లోపల నాలుగు వేపాకులున్నాయి.

“అక్కా, ఇండ్ల బియ్యం…?”

“ఇంతమందికి బువ్వ యాడ సాల్తది తమ్మీ? దుకాణం బంద్ ఉండె. గూట్ల కనవడితె చెరిగి ఏసిన. ఒక్క పురుగు లేదు. పెండ్లికే దాసినవా ఏంది?”

రాజలింగం ఉన్నచోటనే కూలబడ్డాడు. “గవి దానియి అక్కా. మా ఇంటిదాని పిడికిళ్లు. ఇయ్యాల దేవునికిద్దామనుకున్న.”

గరిటె జారి నేల మీద మోగింది. “నా చేతులిరగ! దాని నోట్ల ఆఖరి నీళ్లు వోసిన చెయ్యి గాదు తమ్మీ ఇది? ఒక్క మాట చెప్పకపోతివి!” ఓదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కనుకయ్య పూలదండను మెల్లగా వీపు వెనక్కి జరుపుకున్నాడు.

మెట్ల మీద మాత్రం ఒక కూలి, విషయం తెలియక, విస్తరి అంచు వరకు తుడిచి తింటున్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తిననివాడిలా తింటున్నాడు. రాజలింగం చాలాసేపు అతన్నే చూశాడు. ఆమె రోజూ పిడికిలి విప్పింది. ఏడాదిగా బిగించి కూర్చున్నది తాను.

లేచి నిలబడ్డాడు. “ప్రభువా, నీకు వందనాలు. ఇరవై రెండేండ్లు నాకిచ్చినవ్…” మాట పేరు దగ్గరికొచ్చి ఆగింది.

పెళ్లి మాట విని అప్పుడే మెట్లెక్కి వచ్చిన కామత్‌ఘర్ ముసలి రామవ్వ, ఆయాసపడుతూ గడపలో నిలబడింది. “పిల్ల పేరేందో చెప్పు బిడ్డా, దీవించి పోత!”

ఒక్కరూ నవ్వలేదు. రాజలింగం చెవులు ఎర్రబడ్డాయి. అందరూ కోరి వచ్చిన పెళ్లికూతురి పేరు, ఇరవై మూడేళ్లు ఆలస్యంగా, బయటికి వచ్చింది.

“రాజమణి.”