నాడి లేని నడక

గడియారాల మేస్త్రి ఆ సోమవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ముంజేతికి నల్లపట్టీ కట్టుకోవాలి, కొట్టుకి నడిచి వెళ్లాలి, గంటగంటకీ ఏం చేసిందీ పుస్తకంలో రాయాలి. ఇలా వారం గడిపేస్తే కొట్టు దక్కుతుంది.

దక్కడమేమిటంటే, ఆయన కూతురు పెద్దాసుపత్రిలో నర్సు. మనుషులు రోజంతా ఎంత కదులుతున్నారో తేల్చే సర్వే ఒకటి అక్కడ మొదలైతే, అమ్మానాన్నలిద్దరి పేర్లూ తానే ఇచ్చింది. పట్టీ అడుగులూ నాడీ లెక్కపెడుతుంది. పుస్తకంలో ఎవరి మాట వాళ్లు రాసుకుని, రోజూ రాత్రి ఫోటో తీసి సర్వేకి పంపుతారు. చివరికి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పట్టీలు తెచ్చిన రోజే తండ్రికి షరతు కూడా పెట్టింది.

"రోజుకి ఆరువేల అడుగులైనా పడకపోతే కొట్టు తాళంచెవి నాకిచ్చెయ్యాలి నాన్నా. అరవై ఎనిమిదేళ్లొచ్చాక పొద్దస్తమానం ఆ స్టూలు మీద కూర్చోవడమేంటి?"

"కూర్చోకుండా గడియారం ఎలా బాగుచేస్తారే?"

"అదే నేనూ అంటున్నది."

మేస్త్రి గుండె గతుక్కుమంది. నలభై ఏళ్లుగా ఆ స్టూలూ, కంటికి పెట్టుకునే భూతద్దమూ తప్ప ఆయనకి వేరే లోకం లేదు. కొట్టు ఆగితే తానూ ఆగిపోతానని ఆయన భయం.

కొట్టులో పని మొదలుపెట్టిన పది నిమిషాలకే పట్టీ బల్ల అంచుకి తగిలి, పట్టకారులో ఉన్న బుల్లి చక్రం ఎగిరిపోయింది. దాన్ని వెతకడానికి అరగంట పట్టింది. విసుగొచ్చి పట్టీ విప్పేశాడు. చెయ్యి కదిలితేనే నడిచే వాచీలు కొన్నుంటాయి. వాటిని బాగుచేశాక పరీక్షించడానికి ఆయన దగ్గర ఒక యంత్రం ఉంది, అది మనిషి చెయ్యి ఊపినట్టే వాచీని ఊపుతూ ఉంటుంది. పట్టా ఉన్న వస్తువేది చేతికొచ్చినా దానికి తగిలించడం మేస్త్రికి అలవాటు. తగిలించాడు, మరిచిపోయాడు.

సాయంత్రం చూసుకుంటే ముప్పై ఒక్క వేల అడుగులు.

మేస్త్రి అబద్ధాలకోరు కాదు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే అనుకున్నాడు. ఈలోగా కూతురు ఫోన్ చేసింది.

"ఇప్పుడే నా ఫోన్‌లో నీ అడుగులు చూశాను నాన్నా. ఎంత సంతోషంగా ఉందో తెలుసా?"

అంత సంతోషంలో ఉన్న పిల్లకి నిజం చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. "ఏదో, అలా అలా తిరిగాను" అన్నాడు. అన్నాక పుస్తకం కూడా నింపక తప్పలేదు. "తొమ్మిది నుంచి పన్నెండు: నడక. పన్నెండు నుంచి పన్నెండుంబావు: భోజనం. పన్నెండుంబావు నుంచి అయిదు: నడక." మర్నాడు పట్టీని యంత్రానికి తగిలించింది మాత్రం మరుపుతో కాదు.

కూతురు ఈ శుభవార్త తల్లికీ చెప్పింది. ఆవిడకది శుభవార్తలా వినిపించలేదు. మంచినీళ్ల గ్లాసు కోసం కుర్చీలోంచి లేవని మనిషి ముప్పై వేల అడుగులు ఎక్కడికి వేస్తున్నట్టు? ఎవరి కోసం?

మంగళవారం పదింటికి చెప్పాపెట్టకుండా కొట్టుకి వెళ్లింది. మేస్త్రి స్టూలు మీదే ఉన్నాడు.

"ఏంటిలా వచ్చావ్?"

"కూరలకొచ్చాను."

"సంచీ ఏది?"

"మర్చిపోయాను."

పదకొండింటికి మళ్లీ వెళ్లింది. స్టూలు మీదే. తను వస్తున్నట్టు ఎలాగో పసిగట్టి, పరుగున వచ్చి కూర్చుంటున్నాడని తేల్చుకుంది. అందుకని మధ్యాహ్నం వెనక సందులోంచి వెళ్లింది, సాయంత్రం బస్టాండు చుట్టూ తిరిగి వెళ్లింది. బుధవారం ఆరుసార్లు వెళ్లింది. పుస్తకంలో మాత్రం రోజూ రాసేదే రాసింది: "పనేం లేదు. ఇంట్లోనే ఉన్నాను." మొగుణ్ని కాపలా కాయడం కూడా పని కిందే వస్తుందని ఆవిడకెవరూ చెప్పలేదు.

గురువారం పొద్దున ఆసుపత్రిలో సర్వే చూసుకునే అమ్మాయి కంప్యూటర్‌లో పూర్తి లెక్కలు తీసి, కూతుర్ని పిలిపించింది.

"సిస్టర్, మీ నాన్నగారు మూడు రోజుల్లో లక్ష అడుగులు దాటేశారు."

"అవునండీ" అంది కూతురు గర్వంగా.

"కానీ పల్స్ లేదు."

"ఎప్పుడు?"

"నడుస్తున్నంతసేపూ. ఇంటికెళ్లి కూర్చుంటే మళ్లీ వస్తోంది."

అరగంటలో కొట్టు ముందు అంబులెన్సు ఆగింది. స్ట్రెచరుతో ఇద్దరు మనుషులు, వాళ్ల వెనక కూతురు, సర్వే అమ్మాయి దిగారు. సరిగ్గా అప్పుడే సందులోంచి వచ్చిన భార్యకి ఆ బండి చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమండీ" అంటూ అందరికంటే ముందు లోపలికి పరుగెత్తింది.

మేస్త్రి భూతద్దంతో సహా తలెత్తి చూశాడు. పక్కన యంత్రం మీద పట్టీ హాయిగా నడుస్తోంది.

"అదేంటి నాన్నా?" అంది కూతురు.

"నడక" అన్నాడు మేస్త్రి మెల్లగా.

"నీకేమైందోనని దారంతా ఏడుస్తూ వచ్చాను." కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. మేస్త్రి భూతద్దం తీసి పక్కన పెట్టాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. భార్య ఆ తాళంచెవి వైపే చూస్తూ నిలబడింది.

ఏం చెయ్యాలో తోచక సర్వే అమ్మాయి తన ఫోన్‌లో ఆవిడ లెక్కలు చూడసాగింది.

"ఆంటీ, ఇంట్లోనే ఉన్నానని రాశారు. నిన్న పద్నాలుగు వేల అడుగులు పడ్డాయి. మీవీ యంత్రం వేసినవేనా?"

"నావే తల్లీ. కావాలంటే నాడి చూసుకో."

కూతురు తెల్లబోయింది. ఏడాదిగా నడవమని బతిమాలుతుంటే మోకాళ్ల నొప్పులని గడప దాటని తల్లి ఈవిడే.

"ఎక్కడికి నడిచావమ్మా?"

"ఇక్కడికే. ఈయన ఎక్కడికి పోతున్నాడో కనిపెడదామని. ఎన్నిసార్లొచ్చినా ఇక్కడే ఉన్నాడు."

"మరి మోకాళ్లు?"

"వాటి సంగతి ఆలోచించే తీరికెక్కడిది?" అంటూ ఆవిడ కూతురి చేతిలోంచి తాళంచెవి తీసుకుని మొగుడి బల్ల మీద పెట్టింది. "కొట్టు మూసేస్తే రేపట్నుంచి నేనెక్కడికి నడవాలి? మీరు మాత్రం మధ్యాహ్నం భోజనానికి నాతో ఇంటికి నడిచి రావాలి."

"వస్తాను" అన్నాడు మేస్త్రి.

"మీ కాళ్లతో" అంది ఆవిడ.

సర్వే అమ్మాయి మేస్త్రి అడుగులన్నీ కొట్టేసి, ఆ ఇంటి గురించి నివేదికలో ఒకే ఒక్క వాక్యం రాసుకుంది: "భర్త కదలకుండా కూర్చోవడం భార్య ఆరోగ్యానికి మంచిది."